గొయ్యిలోంచి జవాబు

టెక్కలి దాటాక నౌపడ రోడ్డు చీలే చోట, హైవేని ఆనుకుని, బండ్లకి ఫిట్‌నెస్ పరీక్షలు చేసే సెంటర్ ఒకటుంది. పొడవాటి రేకుల షెడ్డు. బండి ఈ కొసన లోపలికి వచ్చి, ఒక్కో యంత్రం మీదా కాసేపు నిలబడి, ఆ కొసన బయటికి పోతుంది. బ్రేకులు ఒకచోట చూస్తారు, లైట్లు ఒకచోట, పొగ ఒకచోట. అన్నిటికన్నా చివర గొయ్యి. నిలువెత్తు లోతున్న సిమెంటు గొయ్యి అది. బండి దాని మీదకి వచ్చి ఆగితే, లోపల నిలబడ్డ మనిషి టార్చి వేసి బండి అడుగుభాగమంతా చూస్తాడు. పైనున్నవాడు ‘ఎలాగుంది?’ అని అడుగుతాడు. కిందివాడు చెబుతాడు.

త్రినాథ్ అక్కడ క్వాలిటీ మేనేజరు. బండ్లని పరీక్షించడం అతని పని కాదు. పరీక్షించేవాళ్ళు సరిగ్గా చేస్తున్నారా, యంత్రాలు నిజం చెబుతున్నాయా అని చూడడం అతని పని. పొద్దున్నే, ఎంతుందో ముందే తెలిసిన బరువులు పెట్టి యంత్రాలని సరిచూస్తాడు. అప్పుడప్పుడూ, పాసై బయటికి పోతున్న బండిని గేటు దగ్గర ఆపి, వెనక్కి తెప్పించి, మొదట్నుంచీ మళ్ళీ చేయిస్తాడు. ఇందుకోసం పూణె వెళ్ళి శిక్షణ తీసుకుని వచ్చాడు. షెడ్డు గోడ మీద నీలం రంగుతో తన చేత్తోనే రాశాడు: ఏ ఒక్కచోట మనిషి లేకపోయినా లైను ఆపవలెను. సెంటర్ యజమాని తిరుపతిరావు అతనికి పిల్లనిచ్చిన మావ. అల్లుడి పట్టుదల గురించి నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాటలు చెవిన పడ్డప్పుడు త్రినాథ్ తల వంచుకునేవాడు గానీ, లోలోపల సంతోషంగానే ఉండేది.

ఆ రోజు సముద్రంలో వాయుగుండం. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికే మబ్బు కొబ్బరి చెట్ల మీదకి దిగిపోయింది. పట్టపగలు షెడ్డులో దీపాలు వెయ్యాల్సి వచ్చింది. ఉప్పు మళ్ళ మీంచి గాలి విసురుగా వచ్చి రేకుల్ని పట్టుకుని గుంజుతోంది. వాన పెద్దది కాదు, సన్నగా, ఏటవాలుగా, ఆగకుండా పడుతోంది. బయట బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. తుపాను సెలవులు ఇచ్చేస్తారని ఎవరో అన్నారు, అందుకని అందరూ ఆ రోజే వచ్చిపడ్డారు.

గొయ్యిలో పనిచేసే యువరాజు మూలపేట దగ్గర మత్స్యకారుల ఊరివాడు. అతనికి ఫోను వచ్చింది. చెయ్యి తుడుచుకుంటూ పైకి వచ్చాడు.

“మా నాన్న బోటు ఇంకా ఒడ్డుకి సేరలేదంట సార్. అమ్మ ఏడుత్తంది. ఎల్లాలి.”

“ఎల్లు, ఎల్లు. జాగ్రత్త,” అన్నాడు త్రినాథ్.

యువరాజు మోటారుసైకిలు వెళ్ళిపోయాక మావకి ఫోను చేశాడు.

“లైను ఆపాలి మావా. గొయ్యిలో మనిషి లేడు.”

“అన్ని బళ్ళు బయట నిలబెట్టుకుని ఆపేత్తావేటి? కాసేపు నువ్వే దిగి సూసేయ్. నీకు తెలీని పనా?”

అది సరైన మాటే. త్రినాథ్ గొయ్యి అంచు దాకా వెళ్ళాడు. వంగి చూశాడు. లోపలి గోడకున్న దీపం ఆరిపోయి ఉంది. అడుగున నీరు ఊరింది. నల్లగా, కదలకుండా ఉంది. ఆ నేల ఒకప్పుడు ఉప్పు మడే. వానపడితే నీరు ఊరడం మామూలే. కానీ ఆ వాసన మామూలుగా లేదు. ఉప్పునీళ్ళని చాన్నాళ్ళు మూతపెట్టి ఉంచి, అప్పుడే మూత తీసినట్టుంది. త్రినాథ్‌కి దిగబుద్ధి కాలేదు. ఈ ఒక్క బండికీ పైనుంచి వంగి చూసి సరిపెడదాం, నీళ్ళు తోడించాక దిగుదాం అనుకున్నాడు.

కవిటి నుంచి కొబ్బరికాయలు మోసే చిన్న లారీ ఒకటి వచ్చి గొయ్యి మీద ఆగింది. త్రినాథ్ ఫలితం నొక్కే కంప్యూటరు తెర ముందు నిలబడ్డాడు. చుట్టూ జనరేటరు చప్పుడు. రోజూ ఆ చోట వినపడే మాట అదే కాబట్టి, ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

“ఎలాగుంది?”

“బాగుంది.”

కిందనుంచి వచ్చింది జవాబు. కొంచెం బొంగురుగా, చాలాసేపు మాట్లాడకుండా ఉన్న మనిషి గొంతులా ఉంది.

యువరాజు తిరిగొచ్చేశాడన్నమాట, అనుకున్నాడు త్రినాథ్. దారిలో ఉండగానే, వాళ్ళ నాన్న ఒడ్డు చేరాడని కబురు వచ్చి ఉంటుంది, వెనక మెట్ల మీంచి దిగి ఉంటాడు. అనుకోగానే గుండె మీద బరువు దిగిపోయింది. తెర మీద పాస్ అనే పచ్చ గుర్తు నొక్కాడు. లారీ వెళ్ళిపోయింది.

తరవాత ఒక ఆటో. “ఎలాగుంది?” “బాగుంది.” తరవాత పెళ్ళిళ్ళకి తిరిగే బస్సు. “బాగుంది.” పని చకచకా సాగుతోంది. యువరాజు ఎప్పుడూ చివర ‘సార్’ అంటాడు. ఇప్పుడు అనడం లేదు. తండ్రి గురించిన కంగారులో ఉన్నాడేమో అనుకున్నాడు త్రినాథ్. జవాబు రోజూ కన్నా తొందరగా వస్తోంది. ఒకసారి అడగడం పూర్తి కాకుండానే వచ్చింది. ఇంకోసారి... అడగకముందే వచ్చింది.

మూలపేట పోర్టు పనులకి రాళ్ళు మోసే టిప్పరు గొయ్యి మీద ఉండగా అతని ఫోను మోగింది. యువరాజు పేరు కనపడింది. ఫోనులో గాలి, ఆ గాలి వెనక సముద్రం హోరు.

“నాన్న వచ్చేశాడు సార్. అందరం ఒడ్డునే ఉన్నాం. ఈ వానలో ఇయ్యాల ఇంక రాలేను సార్.”

“నువ్వు... మధ్యలో ఒకసారి వచ్చావా?”

“ఎక్కడికి సార్?”

త్రినాథ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. టిప్పరు చక్రాల మధ్య గొయ్యి నోరు నల్లగా కనపడుతోంది. అందులోంచి చప్పుడు లేదు. టిప్పరు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, అయిందా అన్నట్టు చూశాడు. వెనక బండి హారన్ కొట్టింది.

అప్పుడు లైను ఆపెయ్యాలి. గోడ మీద తను రాసిన అక్షరాలు ఎదురుగానే ఉన్నాయి. ఆపితే ఎందుకాపావని అడుగుతారు. ఇంతసేపూ కింద ఎవరున్నారని అడుగుతారు. ఇంతసేపూ పాసైన బండ్లన్నీ ఎవరు చూశారని అడుగుతారు.

“ఎలాగుంది?” అన్నాడు త్రినాథ్, తనకే వినపడనంత మెల్లగా.

“బాగుంది.”

అతని వేలు పచ్చ గుర్తు మీద పడింది. కింద ఉన్నది మనిషి కాదని తెలిశాక కూడా ఆ జవాబు తీసుకున్నాడు. ఆ సాయంత్రం గురించి తరవాత ఎప్పుడు తలుచుకున్నా, భయం కన్నా ముందు అతనికి గుర్తొచ్చేది ఆ వేలే.

ఆ తరవాత వచ్చిన బండ్లకి అతను అడగడం కూడా మానేశాడు. బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ‘బాగుంది’ అని వినపడగానే నొక్కేవాడు.

వెలుగు తగ్గిపోతుండగా ఒక వ్యాను వచ్చింది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళని నౌపడ అవతలి ఊళ్ళకి దింపే వ్యాను. ఫిట్‌నెస్ గడువు ఆ రోజుతో సరి, ముందు పోలీసులు ఆపుతున్నారని దారిలో తెలిసి డ్రైవరు తరుణ్ ఇటు తిప్పాడు. ఆడవాళ్ళందరూ దిగి, షెడ్డు అవతలి కొసన చూరు కింద కొంగులు కప్పుకుని నిలబడ్డారు.

వ్యాను గొయ్యి మీద ఆగింది. త్రినాథ్ ఎదురుచూశాడు. జవాబు రాలేదు.

“ఎలాగుంది?” అన్నాడు.

నీళ్ళు కదిలిన చప్పుడు. ఎవరో కాలు మార్చి నిలబడినట్టు.

“ఎలాగుంది?”

“దిగి సూడు.”

పిలుపులో కోపం లేదు. ఇంట్లోకి రమ్మని పిలిచినంత మామూలుగా ఉంది. త్రినాథ్ తెర దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు. తరుణ్ వంక చూశాడు. అతను ఫోను చూసుకుంటున్నాడు, ఏమీ విననట్టే ఉన్నాడు.

“రేపు తీసుకురా,” అన్నాడు త్రినాథ్. “ఇయ్యాల్టికి అయిపోయింది.”

“అంత మాటనకండి సార్. ఈల్లనెలా దింపను?”

గుంపులోంచి ఒకామె ముందుకు వచ్చింది. ధనమ్మ ఆమె పేరు. యాభై దాటి ఉంటాయి, వేళ్ళు జీడికి నల్లబడి ఉన్నాయి. పక్కన కోడలు మంగ కూడా ఉంది.

“బాబూ, ఓపాలి కిందకి దిగి సూడు,” అంది ధనమ్మ. “పొద్దున్నుంచీ నా కాళ్ళ కింద ఏదో టకటకమని కొట్టుకుంటంది. ఈడికి సెప్తే ఇనడు. నువ్వు సూసి బాగుందంటే మాకు దైర్నం. బాలేదంటే ఆటోలు సూసుకుంటాం.”

అందరూ అతని మొహం వైపే చూస్తున్నారు. భయపడుతున్నానని వాళ్ళ ముందు చెప్పలేకపోయాడు. చెప్పి ఉంటే బాగుండేది. టార్చి తీసుకుని వెనక మెట్ల వైపు నడిచాడు.

మెట్లు జారుగా ఉన్నాయి. నీళ్ళలో కాలు పెట్టాడు. చల్లగా ఉంటాయనుకున్నవి... వెచ్చగా ఉన్నాయి. ఎవరో ఇప్పటిదాకా కూర్చుని లేచిన చోటులా వెచ్చగా ఉన్నాయి. మోకాళ్ళ దాకా వచ్చాయి. తల మీద వ్యాను అడుగుభాగం నల్లగా, దగ్గరగా ఉంది. ఇంజను వణుకు గోడల్లోంచి అతని పళ్ళలోకి దిగుతోంది.

“తరుణ్, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పు,” అని అరిచాడు.

చక్రం తిరిగింది. టక్... టక్. చప్పుడు వచ్చిన చోటికి టార్చి వేశాడు. చక్రాన్ని స్టీరింగ్‌తో కలిపే కడ్డీ అది. దాని చివరి కీలు దగ్గర ఉండాల్సిన పిన్ను లేదు. ఆ చోట ఎవరో కట్టుతీగ చుట్టారు. తీగ తుప్పు పట్టి పోగులుగా విడిపోయింది. ఒకే ఒక్క పోగు పట్టుకుని ఉంది. ఒక పెద్ద గుంత చాలు, అది కూడా తెగుతుంది.

దొరికింది, అనుకున్నాడు. ఆ ఒక్క క్షణం అతనికి భయం లేదు. పాత త్రినాథ్ మళ్ళీ వచ్చి నిలబడినట్టు అనిపించింది.

అప్పుడు నీళ్ళు కదిలాయి. అతను కదలలేదు. గొయ్యి అవతలి కొస నుంచి చిన్న అల ఒకటి వచ్చి అతని మోకాళ్ళని తాకింది. ఇంకొకటి. టార్చి అటు తిప్పాడు. ఎవరూ లేరు. సిమెంటు గోడ, నల్లటి నీళ్ళు, అంతే. కానీ నీటి మీద ఒకచోట అలలు చీలిపోతున్నాయి. రెండు కాళ్ళు నిలబడి ఉంటే వాటి చుట్టూ ఎలా చీలతాయో... అలా.

అవి దగ్గరికి వస్తున్నాయి.

పైనుంచి గొంతు వినపడింది.

“ఎలాగుంది?”

అది త్రినాథ్ గొంతు. మధ్యాహ్నం నుంచీ అతను అడిగిన తీరే. విసుగు, తొందర, జవాబు ముందే తెలిసిన ధీమా, అన్నీ అలాగే ఉన్నాయి.

అతని టార్చి మళ్ళీ కట్టుతీగ వైపు తిరిగింది. ఆ ఒక్క పోగూ స్పష్టంగా కనపడుతోంది. బాలేదు అనాలి. ఒక్క మాట. నోరు తెరిచాడు. వెచ్చటి నీళ్ళు అతని తొడల మీదకి ఎక్కాయి. మెడ వెనక ఉప్పు వాసన... ఎవరో ఊపిరి వదిలినట్టు.

“ఎలాగుంది?”

“బాగుంది,” అన్నాడు త్రినాథ్.

“సరే. పోనీ,” అంది పైనుంచి ఆ గొంతు.

తల మీద వ్యాను కదిలింది. వెళ్ళిపోయింది. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి, చల్లగా కూడా. గొయ్యిలో అతనొక్కడే ఉన్నాడు.

గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కాడు, చాలాసేపు పట్టింది. పైకి వచ్చేసరికి వ్యాను వెనక దీపాలు నౌపడ రోడ్డు వైపు తిరుగుతున్నాయి. కౌంటరు దగ్గర లోకేష్ తలెత్తి చూశాడు.

“సర్టిఫికెట్ ఇచ్చేశాను సార్. పాపం, ఆలస్యమైందని తొందరపడ్డారు.”

“ఎవరు పొమ్మన్నారు?”

“మీరే కదా సార్. అందరం విన్నాం.”

డ్రైవరు నంబరు లోకేష్ ఎదురుగా ఉన్న కంప్యూటరులోనే ఉంది. అడిగితే చాలు, ఫోను చెయ్యొచ్చు. వ్యాను ఇంకా మలుపు కూడా దాటి ఉండదు. కానీ ఏమని చెప్పాలి? చూశాను, తీగ చూశాను, చూసి బాగుందన్నాను అని చెప్పాలి. లోకేష్ వింటాడు. బ్రేకుల దగ్గరవాళ్ళు వింటారు. త్రినాథ్ కుళాయి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. మంచినీళ్ళు తాగాడు. ప్యాంటు పిండుకున్నాడు. అప్పుడు వెనక్కి వచ్చి నంబరు అడిగాడు. ఫోను మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. మోటారుసైకిలు తీసి వ్యాను వెళ్ళిన దారిన బయలుదేరాడు.

నౌపడ రాకముందు రోడ్డు ఉప్పు మళ్ళ మధ్య వంపు తిరిగే చోట వ్యాను పక్కకి ఒరిగి నీళ్ళలో పడి ఉంది. త్రినాథ్ వెళ్ళేసరికి చుట్టుపక్కల వాళ్ళు టార్చిలు పట్టుకుని ఆడవాళ్ళని బయటికి లాగుతున్నారు. తరుణ్ గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. “తిప్పితే తిరగలేదు... తిప్పితే తిరగలేదు...” అంటున్నాడు. త్రినాథ్ నడుం లోతు నీళ్ళలోకి దిగి అందరితో పాటు మోశాడు. ధనమ్మకి తొడ ఎముక విరిగింది. మంగకి ఒంటి మీద దెబ్బే లేదు, కానీ తెలివి రాలేదు.

టెక్కలి ఆసుపత్రికి తిరుపతిరావు కూడా వచ్చాడు. మంగని శ్రీకాకుళం తీసుకుపోయే అంబులెన్సు బయలుదేరింది. మంచం మీద పడుకున్న ధనమ్మ త్రినాథ్ చెయ్యి పట్టుకుంది.

“ఈ బాబుని ఏటీ అనకండి,” అంది చుట్టూ ఉన్నవాళ్ళతో. “సీకట్లో, నీల్లలో, నేనడిగానని కిందకి దిగి సూశాడు. ఎవరు సూత్తారు అలాగ? దార్లోనే ఏదో తెగిపోయుంటాది. మా కర్మ.”

ఆమె నల్లటి వేళ్ళు అతని మణికట్టుని గట్టిగా పట్టుకున్నాయి. త్రినాథ్‌కి ఆ చెయ్యి విడిపించుకోవాలనిపించింది. నోరు తెరిచి చెప్పేస్తే విడిపోతుంది. తిరుపతిరావు అతని భుజం తట్టి, “మా అల్లుడు అంతేనమ్మా,” అన్నాడు. త్రినాథ్ తల వంచుకున్నాడు. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

రావివలసలో ఇంటికి చేరేసరికి భోజనాల వేళ అయింది. అంబులెన్సు నుంచి ఇంకా కబురు లేదు. భార్య హేమ తువ్వాలు తెచ్చి ఇచ్చింది. అతని మొహం చూసి, తండ్రి ఫోనులో చెప్పిన ప్రమాదం గురించి అడగకుండా వేరే మాట ఎత్తింది.

“మీ సెంటర్లో కొత్తగా ఎవరైనా సేరారేటి?”

“లేదే. ఎందుకు?”

“సాయంత్రం ఒకాయనొచ్చాడు. మీరు పంపారన్నాడు. ఇల్లు సూసి రమ్మన్నారట. కాళ్ళకి నీల్లివ్వబోతే, తడిగానే ఉన్నాయమ్మా అన్నాడు. తలుపు పట్టుకుని ఊపి సూశాడు. కిటికీలు సూశాడు. తరవాత... పాప ఉయ్యాల కింద నేల మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు పైకి సూశాడు. నాకేటో భయమేసింది.”

“ఏటన్నాడు?”

“ఏటీ అన్లేదు. లేచి ఎల్లిపోయాడు.”

త్రినాథ్ స్టూలు వేసుకుని ఎక్కాడు. దూలానికి ఉన్న కొక్కెం పట్టుకుని లాగాడు. గొలుసు లింకులు ఒక్కొక్కటీ వేలితో తడిమాడు. ముళ్ళు చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఉన్నట్టే కనపడుతున్నాయి. మళ్ళీ మొదట్నుంచీ చూశాడు. తన కళ్ళు చెప్పేది నమ్మాలో వద్దో అతనికి తెలియలేదు.

దిగి, నిద్రపోతున్న పాపని రెండు చేతులతో ఎత్తి భుజాన వేసుకున్నాడు. అప్పుడు కనపడింది, ఉయ్యాల కింద గచ్చు మీద. తడి ఆరిపోయి, వెల్లకిలా పడుకున్న మనిషి ఆకారంలో ఉప్పు సన్నగా, తెల్లగా పేరుకుని ఉంది. దాని చెయ్యి పక్కన ఇంకొక చిన్న ఆకారం ఉంది, పాపంత పొడవున.

“పాపని ఉయ్యాల్లోంచి తీశావా?”

“లేదు. అప్పట్నుంచీ నిద్రపోతానే ఉంది.”

త్రినాథ్ పాప వీపు మీద చెయ్యి వేశాడు. గౌను పొడిగానే ఉంది. అరచేతికి గరుకుగా ఏదో తగిలింది. దీపం వెలుగులో చెయ్యి విప్పి చూసుకున్నాడు. తెల్లగా, ఉప్పు.